జమ్మి ఆకు ఎత్తు

ఐలేష్ కోతలు మొదలుపెడితే శేరిగూడ చుట్టుపక్కల గడ్డిపోచ కూడా మిగలదు. ఇంజనీరింగు రెండో ఏడాదిలో చదువు వదిలేసి, అదే కాలేజీలో అటెండరుగా చేరిన ఘనుడు. డాబా మీద ఉన్న సూర్యుడి దుర్భిణిని చూసుకోవడం వాడి పని. జంగమ్మ చాయ్ బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం సూర్యుడే వాడి కింద నౌకరు.

"పోయిన ఎండాకాలం మస్తు కాలుతుంటే, జర తగ్గుమని నేనే చెప్పిన అక్కా. తగ్గిండా లేదా?"

"తగ్గిండు గని, నా మిరపకాయలు ఎండినంక తగ్గుమనరాదుర? సగం బూజు పట్టినయ్!"

ఆ దుర్భిణిని కట్టింది శేషగిరిరావు సారు. ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. సూర్యుడి వెలుగు ఏ దిక్కుగా కంపిస్తోందో కొలిచి, అక్కడి మచ్చల్లో అయస్కాంత బలం ఎంతో చెప్పే పరికరం అది. అయితే కొలిచేదాన్ని ముందు కొలవాలి కదా! కంసాలి బంగారం తూచేముందు తక్కెడను ఖాళీగా ఎత్తి చూసినట్టు, రోజూ పొద్దున సారు అందులో ఒక పరీక్ష గాజుబిళ్ల దించేవారు. నిన్న చూపిన అంకే ఇవాళా చూపాలి. ఆ అంకెలన్నీ కలిపితే కంప్యూటరు మీద ఒక గీత. గీత చదునుగా సాగితే పరికరం నిజం చెబుతున్నట్టు.

గీత చదునుగా సాగలేదు. ఏటా దసరా వెళ్లగానే ఒక మెట్టు ఎక్కి, మళ్లీ దసరా దాకా అక్కడే కూర్చునేది.

"వానలు పోయి గాలి పొడిబారుతుంది కదయ్యా, అందుకేనేమో," అంటూ సారు అద్దాలు తుడిచేవారు, మరలు బిగించేవారు.

"పండుగకు మనమే బరువెక్కుతం సారూ, అదెందుకు ఎక్కదు?" అనేవాడు ఐలేష్. సారు నవ్వేవారు. నవ్వి, మళ్లీ గీత వైపు చూసేవారు. కారణం తెలియకుండానే మొన్న చలికాలంలో గుండె ఆగి పోయారు.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. ఆయన అన్నేళ్ల కొలతలు నమ్మదగ్గవా, కావా? కావంటే పరికరం తుక్కు కిందికి పోతుంది, దాంతోపాటే సారు పేరూనూ. త్వరలో కాలేజీలో జరిగే సారు సంస్మరణ సభలో ఆయన భార్య వేదవతమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమెకు ఏం చెప్పాలి? సారు శిష్యుడు, కొత్త లెక్చరరు వినీత్, తేల్చేద్దామని పరికరం విప్పించాడు.

మరలు విప్పింది ఐలేషే. గాజుబిళ్లను మోసే పీట కింద, ఓ మూలన, లెన్సు తుడిచే కాగితంతో కట్టిన చిన్న చిన్న పొట్లాలు, ఒకదాని మీద ఒకటి. ఒకటి విప్పాడు. ఎండిన జమ్మి ఆకు.

ఇంకోటి విప్పాడు. అందులోనూ అదే.

ప్రతి దసరా సాయంత్రం ఊళ్లో జమ్మి తెంపుకుని నేరుగా సారు ఇంటికి వెళ్లేవాడు. ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాడు. మొదటిసారి సారు అడిగారు, "మా ఇంట్లో ఈ అలవాటు లేదయ్యా. దీన్ని ఏం చెయ్యాలి?"

"బంగారం సారూ! మావోళ్లు బీరువాల దాచుకుంటరు. మీ బంగారమంత గా దుర్భిణి డబ్బాలనే ఉంటది గద, అండ్లనే పెట్టుకోండ్రి!"

ఎగతాళికి అన్నమాట. సారు ఆ మాట మన్నించి, ఏటా ఒక ఆకు అందులోనే పెట్టుకున్నారు. అంత పలచని ఆకుకూ ఓ ఎత్తుంటుందని ఆయనకు తట్టలేదు. ఏటా పీట ఒక ఆకు ఎత్తు లేచింది, గీత ఒక మెట్టు ఎక్కింది.

"ఏం దొరికిందన్నా?" వినీత్ వచ్చి వంగి చూశాడు. "జమ్మి ఆకా! ఎవరు పెట్టిండ్రివి?"

పరికరం కట్టిన సారే దాన్ని చెడగొట్టుకున్నారని తెలిస్తే, ఆ చేత్తో రాసిన అంకెను ఎవడు నమ్ముతాడు? వేదవతమ్మ ముందే నలుగురూ నవ్వుతారు.

"నేనే," అన్నాడు ఐలేష్. "పండుగ గదా అని."

"నీకు బుద్ధుందా అన్నా? గా మెట్లు చూసి సారు ఎంత కుమిలిండో తెల్వదా?"

"తెలుసు సార్."

వాడు జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ జనం వినగానే నమ్మింది అదొక్కటే.

పొట్లాలు తీసి బిళ్ల దించితే అంకె మొదటి ఏడాది దగ్గరికే తిరిగొచ్చింది. మెట్లు తీసివేస్తే గీత చదును, సారు కొలతలు నమ్మదగ్గవే. సభలో చప్పట్లు కొట్టారు. అటెండరు మూఢత్వం గురించి కూడా ఒక మాట అన్నారు. ఐలేష్ దగ్గర్నుంచి డాబా తాళంచెవి తీసేసుకున్నారు. గేటు దగ్గర వేదవతమ్మ ఆగింది.

"కొడుకులా చూశారు కదయ్యా నిన్ను. ఆయన్ని అంత ఏడిపించావా?"

వాడు వంగి ఆమె కాళ్లు మొక్కాడు.

మర్నాడు చాయ్ బండి దగ్గర జంగమ్మ ఊరుకుంటుందా?

"ఏందిర, సూర్యుడు నీ కొలువు పీకిండంట?"

ఐలేష్ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "అక్కా, గా ఆకులు నేను పెట్టలే. సారే పెట్టుకున్నడు. నేనిచ్చిన బంగారం, ఆయన పానమున్న కాడ దాచుకున్నడు."

చాయ్ పొంగిపోతున్నా చూసుకోకుండా నవ్వింది జంగమ్మ. "అంత సదువుకున్న సారు నీ ఆకు మిషన్ల పెట్టుకుంటడా? పోర, నీ కోతలు!"

ఆమె నమ్మదని తెలిసే చెప్పాడు. ఎవరో ఒకరితో ఒక్కసారి అనకపోతే గుండె పగిలేలా ఉంది.

"అవ్ అక్కా," అన్నాడు. "కోతలే."