పుస్తకంలో లేని కార్లు

మా వీధి మలుపులో ఇస్త్రీ చేసే సత్తయ్య సాయంత్రం పని ముగించి పెట్టెలోని నిప్పుల మీద నీళ్ళు చల్లుతాడు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. ఆ తడి బొగ్గు వాసన మా అరుగు దాకా వస్తుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం అది ముక్కుకు తగలగానే సిద్దిపేటలో అప్పటి బస్సు షెడ్డు, ఆ రేకుల కింద గోనెసంచి మీద ఒక కాలు చాపుకొని కూర్చున్న వీరేశం మామ గుర్తుకు వస్తారు. ఆయనను ఎరిగినవాళ్ళలో నేను ఒక్కదాన్నే మిగిలినట్టున్నాను. అందుకే చెబుతున్నాను. అచ్చు అక్షరాలు కూడబలుక్కొని చదవగలను గాని నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా తమ్ముని మనవరాలు రాస్తోంది.

మామ అంటే సొంత మామ కాదు. మా ఇంటాయన ఆయనను కాకా అని పిలిచేవాడు, ఆ వరసన నాకు మామ. సికింద్రాబాదులో ఒక డాక్టరు దగ్గర చాలా ఏళ్ళు కారు నడిపాడట. ఒకనాడు జాకీ జారి బండి మోకాలి మీద పడింది. ఆ తరువాత ఊరికి వచ్చి షెడ్డుకు కాపలాగా ఉన్నాడు. పట్నం పోయే బస్సు ఆగేది అక్కడే. ఆ బస్సు మీద పని చేసేవాడు మా ఇంటాయన. నేను పొద్దున నేత నేసే గంగారాం ఇంట్లో నూలు కండెలు చుట్టి, మధ్యాహ్నం రొట్టెల మూట పట్టుకొని షెడ్డుకు పోయేదాన్ని. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండి ఉండవు.

మామకు నెలనెలా మద్రాసు నుంచి టపాలో ఒక పుస్తకం వచ్చేది. అంతా కార్ల గురించే. అట్ట మీద దాని పేరు ఏదో ఉండేది, మేము మాత్రం మోటారు పుస్తకం అనేవాళ్ళం. ఆ రోజుల్లో మా దిక్కు బడి అంటే ఉర్దూ బడే. తెలుగు అచ్చు గడగడా చదివే మనిషి వాడకు ఒకరు ఉంటే గొప్ప. పుస్తకం వచ్చిన వారం, అంగడి నాడు మధ్యాహ్నం, మామ దాన్ని షెడ్డులో పైకి చదివేవాడు. అంగడికి వచ్చినవాళ్ళు బేరాలు వదిలేసి వచ్చి కూర్చునేవారు. ఊళ్ళో ఎవరికీ కారు లేదు. ఎప్పుడైనా తాలూకా పెద్ద అధికారి కారు దుమ్ము లేపుకుంటూ పోతే చూసినవాళ్ళమే అందరమూ. అయినా పుస్తకం చదువుతుంటే ఒక్కరూ దగ్గేవారు కాదు.

చదివాక మామ పుస్తకాన్ని అందరివైపు తిప్పి బొమ్మ చూపించేవాడు. అప్పుడు ఎవరో ఒకరు అది నాది అనేవారు. ఎవరు ముందు అంటే ఆ కారు వారిదే. మరొకరు అడగకూడదు. అడిగితే అంగడంతా నవ్వుతారు. గంగారాందేమో పైకప్పు లేని బండి. బొమ్మ నలుపు తెలుపుల్లోనే ఉండేది గాని అది ఎర్రదని కింద రాసి ఉందని మామ చెప్పాడు. ఆ నాటి నుంచి గంగారాం దాన్ని ఎర్ర బండి అనే పిలిచాడు. గాజులమ్మే బుచ్చవ్వ వెనక పెద్ద పెట్టె ఉన్న కారు తీసుకుంది. నా గాజుల మలారమంత అండ్ల పడ్తదా అని నిజంగానే కొలత అడిగింది. మామ పుస్తకం వెతికి, కొలత రాయలేదు, నేను చెప్పలేను అన్నాడు. లేనిది చెప్పడు అని అందరికీ ఆయన మీద గురి.

నాది వీపు మీద చక్రం మోసుకుపోయే చిన్న కారు. మా ఇంటాయన మాత్రం ఏదీ తీసుకోలేదు. ఏమయ్యా, నీకేది అని గంగారాం ఎన్నిసార్లు ఎగతాళి చేసినా నాది బస్సే అనేవాడు.

మేము కూర్చునే తీరు కూడా చెప్పాలి. మామ వరస మనిషి ఎదుట కోడలు కూర్చోకూడదు. అందరూ ముందు కూర్చుంటే నేను ఆయన వెనక, షెడ్డు గోడ పక్కన కూర్చునేదాన్ని. ముందున్నవాళ్ళకు చదువుతున్నంతసేపూ అట్ట కనబడేది. నాకు ఆయన భుజం మీదుగా లోపలి పుట కనబడేది. అప్పటికి అక్షరం రాదు కాబట్టి బొమ్మలు చూసేదాన్ని.

తరువాత ఎక్కడో దేశాల్లో యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరకడం కష్టమైంది. మా బస్సుకు వెనక ఒక పెద్ద ఇనుప డ్రమ్ము బిగించారు. దాంట్లో బొగ్గు రాజేస్తే వచ్చే గాలితో బస్సు నడవాలి. పొద్దున్నే బొగ్గు పోసి, చేత్తో చక్రం తిప్పి గాలి ఊది దాన్ని రాజేయడం మా ఇంటాయన పని అయింది. ఆయన చొక్కా నేను ఎంత ఉతికినా మళ్ళీ తెల్లబడలేదు. మోటారు పుస్తకం కూడా సన్నబడింది. కార్లు చేసే కార్ఖానాలన్నీ యుద్ధం బండ్లు చేస్తున్నాయని మామ చదివాడు. ఇక పుస్తకం నిండా పెట్రోలు మిగిల్చుకోవడం, అరిగిన టైర్లు కాపాడుకోవడం, బొగ్గు డ్రమ్ము కడుక్కోవడం. మామ అవి కూడా అంతే శ్రద్ధగా చదివేవాడు. మా ఇంటాయన మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగేవాడు. మిగతావాళ్ళు ఆవులించేవారు.

ఒక అంగడి నాడు గంగారాం లేచి నిలబడి భుజం మీది తువాలు దులిపాడు.

"ఏంది మామా, గీ నెల గూడ బొగ్గేనా? బొగ్గు సంగతి పొయ్యికాడ మా ఇంటిది దినాం చెప్తది. నా ఎర్ర బండి ఎటు పోయింది?"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. తరువాతి నెల గంగారాం రాలేదు. చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో కొత్తగా గ్రామఫోను పెట్టారు, అక్కడ కూర్చున్నాడట. ఆ పై నెల బుచ్చవ్వ మలారం దించకుండానే షెడ్డులోకి తొంగి చూసి, కార్లు వచ్చినయా అని అడిగి, లేవనగానే వెళ్ళిపోయింది. నలభై మంది కూర్చునే చోట ఐదుగురు మిగిలారు. మామ గొంతు తగ్గించి చదివేవాడు. ఖాళీ షెడ్డులో ఆ గొంతు కూడా ఎక్కువగానే వినబడేది. అయినా అంగడి నాడు పొద్దుట్నుంచీ షెడ్డు ఊడ్చి, గోనెసంచులు పరిచి, దారి వైపు చూస్తూ ఉండేవాడు. కాలు పోయాక ఆయనకు ఊళ్ళో ఉన్న మర్యాద అంతా ఆ ఒక్క మధ్యాహ్నంలోనే ఉంది. అది నాకు అప్పుడు తెలియదు, తరువాత తెలిసింది.

ఒక నెల పుస్తకం రాగానే మామ అంగడంతా కుంటుకుంటూ తిరిగి, కార్లు వచ్చినయి, రండి అని చెప్పాడు. షెడ్డు నిండింది. గ్రామఫోను వదిలి గంగారాం కూడా వచ్చాడు. మామ చదివాడు. కిటికీలకు పట్టు తెరలున్న కారు ఒకటి. ముందు దీపాలు మూడున్న కారు ఒకటి. గంగారాం బండికి తోబుట్టువు లాంటి మరో ఎర్ర బండి. అందరూ మోకాళ్ళ మీద లేచి వింటున్నారు. ఈసారి బొమ్మలు రాలేదు, కాగితం కరువు అన్నాడు మామ. వెనక కూర్చున్న నాకు పుట కనబడుతోంది. దాంట్లో బొమ్మ ఉంది. బస్సు వెనక డ్రమ్ము, దాని పక్కన మూసిన తలుపు, తలుపు మీద అడ్డంగా కొట్టిన గీతలు. కారు లేదు.

మా ఇంటాయన చేయి ఎత్తి, కాకా, డ్రమ్ము సంగతి ఏం రాలేదా ఈ నెల అని అడిగాడు. ఏం రాలే అన్నాడు మామ. నేను ఆ మాట విన్నాను. బొమ్మ చూశాను. తరువాత నేను చేసిన పని ఏమిటంటే, మామా, వీపు మీద చక్రమున్న నా బండి ఏమన్న వచ్చిందా అని వెనక నుంచి అడిగాను. వచ్చింది అన్నాడు. ఇప్పుడు దానికి రెండు చక్రాలు మోసే బలం వచ్చిందన్నాడు. నాకు సంతోషమైంది. ఆయన పుస్తకంలోంచి చదవడం లేదని తెలిసి కూడా సంతోషమైంది.

అట్లా మూడు నాలుగు నెలలు గడిచాయి. ప్రతి అంగడికీ షెడ్డు నిండేది.

ముసురు పట్టిన రోజులు. పట్నం నుంచి మధ్యాహ్నం వచ్చిన బస్సును షెడ్డులో పెట్టారు. జల్లు లోపలికి కొట్టి బొగ్గు బస్తాలు తడుస్తాయని పెద్ద తలుపులు రెండూ మూసి గడియ వేసుకున్నాడు మా ఇంటాయన. సాయంత్రం మళ్ళీ బస్సు పోవాలి, అందాకా వెనక సీటు మీద నడుము వాల్చాడు. డ్రమ్ములో నిప్పు ఆరలేదు. ఆ పూట మామ టపా ఇంటికి పోయాడు. నేను రొట్టెలు పట్టుకొని వచ్చి తలుపు కొట్టాను. పలకలేదు. వానకు వినబడలేదేమో అనుకొని ఇంకా గట్టిగా కొట్టాను. చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. అప్పుడు మామ వానలో తడుస్తూ దారి మీద కనబడ్డాడు. ఎవరమూ ఆయనకు ఏమీ చెప్పలేదు. మూసిన తలుపులు చూసి, అక్కడి నుంచే అరిచాడు.

"తలుపులు పలగ్గొట్టున్రి! ముందుగాల గాలి పోనియ్యున్రి, ఎవ్వలు లోపటికి ఉరకకున్రి!"

పలగొట్టారు. మా ఇంటాయన నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మొహం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్న మనిషి మొహంలా ఉంది. దవాఖానకు మోసుకుపోయారు గాని అప్పటికే అయిపోయింది.

పాము అన్నారు కొందరు, గుండె అన్నారు కొందరు, నా రాత అన్నారు మా అత్తవాళ్ళు. నాకు ఒక్కటే మాట మనసులో పడి ఉంది. లోపల ఏమైందో ఎవరూ చూడకముందే మామకు ఎట్లా తెలిసింది?

పదకొండో నాడు దినాలు ముగిశాక ఆయనే వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. గడప బయట కూర్చొని సంచిలోంచి పుస్తకం తీశాడు. ఆ బొమ్మ పుట తెరిచి వేలు పెట్టి చదివాడు. డ్రమ్ములో నిప్పు ఉన్నంతసేపు షెడ్డు తలుపులు మూయరాదు. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు. దగ్గర పడుకున్న మనిషి లేవడు. అంతే, మూడు వరుసలు.

"గిది నేను అందరికి సదువలే, కోడలా," అన్నాడు. "సదివితే మంది లేచి పోతరని సదువలే. వాడు అడిగిండు. ఏం రాలే అన్న."

నేను తలుపు చాటునే ఉన్నాను.

"గా డ్రమ్ము బొమ్మ నేను సూసిన మామా. నువ్వు తెరల బండి సదివిన నాడు."

ఆయన తల ఎత్తాడు. "సూసి ఊకున్నవా?"

"నా బండి వస్తదని ఊకున్న."

నేను ఆయనను తిట్టలేదు. అది నా మంచితనం కాదు. తిట్టడం మొదలుపెడితే నా దగ్గరికే వచ్చి ఆగేది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదివించుకున్నాను.

ఆ తరువాతి అంగడికి జనం ఎప్పటిలాగే కార్ల కోసం వచ్చారు. మామ నిలబడి, ఇన్ని నెలలుగా తాను చదివిన కార్లేవీ పుస్తకంలో లేవని చెప్పాడు. చెప్పి ఆ మూడు వరుసలూ చదివాడు. గంగారాం లేచి వెళ్ళాడు. మర్నాడు కండెల దగ్గర కూడా నాతో మాట్లాడలేదు. బుచ్చవ్వ మాత్రం మామ ఎదుటికి వచ్చి, నా పెట్టె బండి గూడ అబద్ధమేనా అని అడిగింది. నీది ఉన్నది బుచ్చవ్వా, అది మొదటి ఏడాదిది, అది నిజంగనే ఉన్నది అన్నాడు. ఆమె నమ్మలేదు. నమ్మించడానికి ఆయన పాత పుస్తకాలన్నీ తిరగేసి ఆ బొమ్మ వెతికి తెచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది. అంగడి చదువు ఆ నాటితో ఆగిపోయింది.

నన్ను పుట్టింటికి, అక్కన్నపేటకు రమ్మన్నారు. నేను పోలేదు, కండెలు చుట్టుకుంటూ ఉండిపోయాను. పుస్తకం వచ్చిన వారం షెడ్డుకు పోయి ఎప్పటిలాగే వెనక కూర్చున్నాను. మామ తల తిప్పకుండా, ముందట కూసో అన్నాడు. వరస కాదు కదా మామా అన్నాను. వరస పోనియ్యి, పుస్తకం నువ్వు పట్టుకో, ఇగ నీకు ఎవ్వలు ఏది ఇడిసి సదివినా తెల్వాలె అన్నాడు. ముందుకు వచ్చి ఎదురుగా కూర్చున్నాను. చూసినవాళ్ళు అన్నవి అన్నారు.

నేను మొదట నేర్చిన మాట తలుపు. అ ఆలు తరువాత వచ్చాయి. ఆ మూడు వరుసల్లోంచి ఒక్కో మాట తీసి పలకించేవాడు. తప్పు చదివితే కోపగించేవాడు కాదు గాని, తెలియని మాటను దాటేసి ముందుకు పోతే మాత్రం పుస్తకం మూసేవాడు. రానిది రాదని చెప్పు, ఎగిరి దుంకకు అనేవాడు. అట్లా ఒక పుటకు నాకు నెల పట్టేది. టైరు లోపలి గుడ్డ గురించి, నట్టు బిగించే తీరు గురించి నేను చదివినంతగా మా వాడలో ఏ ఆడమనిషీ చదివి ఉండదు.

యుద్ధం ఆగిపోయాక పుస్తకంలోకి మళ్ళీ కార్లు వచ్చాయి. మామ గంగారాంకు కబురు పంపాడు. వస్తానన్నాడు గాని రాలేదు. ఒకసారి నా బండి కూడా వచ్చింది, వీపు మీద ఒకే చక్రంతో. దాని గురించి రాసిందంతా నేనే చదివాను. రంగు రాసి లేదు. పుట తిప్పాను. కొన్నాళ్ళకు టపాలో పుస్తకం రావడం మానేసింది. ఎందుకో తెలియదు, ఉత్తరం కూడా రాలేదు. రజాకార్ల గొడవలు అణగిన ఏడాది మామ పోయాడు. పాత పుస్తకాల కట్ట నాకు ఇమ్మని చెప్పిపోయాడట. చెదలు తినగా నా దగ్గర మిగిలింది ఒక్క పుట, ఆ మూడు వరుసలున్నది.

ఇప్పటికీ మందు సీసా ఇంటికి వస్తే దాని మీది సన్న అక్షరాలు చివరి దాకా చదవందే మూత తీయను. మా తమ్ముని కోడలు విసుక్కుంటుంది, గంట సేపు ఏం చదువుతవు అత్తా అని.

నిన్న సాయంత్రం వాన పడింది. సత్తయ్య కొట్టు షట్టరు సగానికి దించి ఉంది, లోపల ఇస్త్రీ పెట్టె రాజుకొని ఉంది. కర్ర పట్టుకొని పోయి షట్టరు మీద కొట్టాను.

"తీస్తనే అవ్వా," అన్నాడు లోపల నుంచి. "వాన వడ్డప్పుడల్ల గిదే చెప్తవు. బట్టలు తడుస్తయి కదా?"

తడవనియ్యి అన్నాను. జానెడు లేపాడు. చాలదన్నాను. అతడు ఏదో గొణుక్కున్నాడు. షట్టరు పూర్తిగా పైకి పోయేదాకా వానలోనే నిలబడి, పోయాక ఇంటికి వచ్చాను.