మల్లేశ్వరి జాబితాలో నేను చూడని గడి

2022లో అనంతపురం కోర్టు రోడ్డు వెనక సందులో, ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఐసెట్ కోచింగ్ నడిపేదాన్ని. ఇప్పటికీ అక్కడే నడుపుతున్నాను. ఐసెట్ అంటే మన రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే పరీక్ష. పాఠాలు చెప్పడం నా పనిలో సగమే. ర్యాంకులు వచ్చాక అసలు పని మొదలవుతుంది. మంచి ర్యాంకు వచ్చినవాళ్లు నా దగ్గరికి రారు, వాళ్ల దారి వాళ్లకు తెలుసు. ఇరవై వేలో ముప్పై వేలో వచ్చినవాళ్లే మొహం వేలాడేసుకుని వస్తారు. విశాఖలో పేరున్న కాలేజీ ఏదో ఫోనులో చూపించి "ఇందులో వస్తాదా మేడమ్?" అంటారు. రాదని చెప్పడానికి నేను నీళ్లు నమలను. ఈవిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలు చెప్పుకుంటారని తెలుసు. ఆశ పెట్టి ఏడిపించడం కంటే అదే నయమనుకునేదాన్ని.

మల్లేశ్వరికి అప్పటికి ఇరవై ఆరేళ్లు. బీకాం చదివి, రాప్తాడు దాటాక హైవే పక్కనున్న ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌గా చేస్తోంది. ఒక వరుసలో కూర్చుని చొక్కాలు కుట్టే ఆడవాళ్లందరి పనికీ ఆమెదే పూచీ. ఎంబీఏ ఉంటే హెచ్ఆర్‌లోకి తీసుకుంటామని మేనేజరు మాటిచ్చాడట. వాళ్ల నాయన ఓబులేసు గొర్రెలు మేపుతాడు. ఐసెట్ రాయడం ఆమెకు అది రెండోసారి. మొదటిసారి అర్హతే రాలేదు. ఈసారి వచ్చింది కానీ ర్యాంకు ఇరవై ఎనిమిది వేలు దాటింది.

"ఇంట్లో చెప్పినా మేడమ్, ఈ ఏడు సీటు రాకపోతే మళ్లా ఈ మాట ఎత్తనని" అంది.

సీటంటే ఆమెకు కన్వీనర్ కోటా సీటే. అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం కౌన్సెలింగులో ఇచ్చేది. కాలేజీ యాజమాన్యం సొంతంగా ఇచ్చే సీటు వాళ్ల తాహతుకు మించినది. కౌన్సెలింగులో సీటు రాకపోతే ఆమె ఆ చొక్కాల వరుస దగ్గరే ఉండిపోవాలి.

తక్కువ ర్యాంకు వాళ్లకు నేను కాలేజీలను మూడుగా విడదీసి రాసిస్తాను. వస్తే అదృష్టం అనేవి, రావచ్చు అనేవి, తప్పక వస్తాయి అనేవి. ఆ వరుసలోనే వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టాలి. పైనుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకు మొదట ఏది అందితే అది ఇస్తారు. మల్లేశ్వరికి విజయవాడ వైపు చదవాలని కోరిక. అక్కడైతే కంపెనీలు వస్తాయి, ఇంగ్లీషు వస్తుంది అని ఎవరో చెప్పారు. పోయినేడాది ఏ కాలేజీలో ఆఖరి సీటు ఏ ర్యాంకుకు దొరికిందో చూపించే జాబితా నా దగ్గరుంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొన్ని కాలేజీల్లో ఆ ర్యాంకు ముప్పై మూడు వేలు దాటింది. నాకు హాయిగా అనిపించింది. పైన తిరుపతివి రెండు, తర్వాత విజయవాడవి మూడు, అడుగున గుంటూరు వైపువి నాలుగు పెట్టించాను. ఇక్కడి కాలేజీలు ఒక్కటీ పెట్టలేదు, అవసరం లేదనుకున్నాను.

"భయమవుతాంది మేడమ్" అంది ఆప్షన్లు పంపాక.

"ర్యాంకులు చూసే కదమ్మా రాసింది. పోయి కడుపునిండా తిని పడుకో" అన్నాను.

పెట్టిన ఆప్షన్లను మార్చుకోవడానికి చివర్లో ఒక రోజు ఇస్తారు. ఆ రోజు సాయంత్రం ఆరుకు గడువు. మూడున్నరకు ఓబులేసు మెట్లెక్కి వచ్చాడు. పశువుల ఆసుపత్రిలో గొర్రెలకు మందు తీసుకుని, ఎటూ ఊళ్లోకి వచ్చాను కదా అని, బిడ్డ వెళ్లబోయే ఊరి సంగతి అడగడానికి వచ్చాడు. నేను జాబితా చదివి వినిపించాను. అతను అంతా విని అడిగాడు.

"మన పక్క బిడ్డలు ఎవరన్నా ఆడ చేరినారా మేడమ్?"

"ఎందుకన్నా?"

"మేమూ ఎండాకాలం గొర్రెల్ని తోలుకోని దూరం పోతాం. యాడికి పోయినా ముందు ఆ ఊరి మందలకే మేపు. వాళ్లవి మేసినాక ఏమన్నా మిగిలితే మాకు. పచ్చగా ఉండాదని చూసి పోతే కాదు. మన మంద ముందర ఎవరన్నా పోయినారా, వాళ్లకు మేపు దొరికిందా అని అడిగి పోతాం."

పోయినేడాది ర్యాంకుల జాబితా లాక్కుని చూశాను. ప్రతి కాలేజీ పేరు పక్కనా ప్రాంతం రాసిన ఒక చిన్న గడి ఉంటుంది. నూటికి ఎనభై ఐదు సీట్లు ఆ ప్రాంతం పిల్లలకే. కోస్తా జిల్లాలది ఒక ప్రాంతం, మన సీమ, నెల్లూరు కలిపి ఇంకొకటి. ఆ ముప్పై మూడు వేల ర్యాంకులు కోస్తా పిల్లలకు దొరికినవి. మల్లేశ్వరి అక్కడ నాన్‌లోకల్ కింద లెక్క, మిగిలిన కాసిని సీట్లకు రాష్ట్రమంతటితో పోటీ పడాలి. ఇరవై ఎనిమిది వేలతో అది జరిగే పని కాదు. పైనున్న తిరుపతి రెండూ ఎలాగూ ఆశే. అంటే తొమ్మిదింటిలో ఒక్కటీ రాదు. పన్నెండేళ్లుగా చేస్తున్న పనిలో ఆ గడి చూడటం మర్చిపోయాను.

మల్లేశ్వరికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. షిఫ్టులో ఉన్నవాళ్ల ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టిస్తారని ఓబులేసు చెప్పాడు. ఆప్షన్లు మార్చాలంటే ఆమె ఫోనుకే ఓటీపీ వస్తుంది. లాప్‌టాప్ సంచిలో వేసుకుని, ఓబులేసును స్కూటీ వెనక ఎక్కించుకుని హైవే పట్టాను. జాబితా తప్పని దారిలో ఆయనకు చెప్పాను.

గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేవలేదు.

"షిఫ్టు ఐదున్నరకు ఇడుస్తారు. అంతవరకు ఎవర్నీ పిలవం, ఫోన్లూ ఇయ్యం మేడమ్, మాకు పైనుంచి ఆర్డరు" అన్నాడు.

గొంతు పెంచాను. నీకు ఆడపిల్లలు లేరా అని కూడా అన్నాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఓబులేసు నన్ను పక్కకు పిలిచాడు. "ఆయప్ప ఏం చేస్తాడు మేడమ్, వాని పని వాడు చేస్తాండాడు. నువ్వు ఆ చీటీ సరిచెయ్యి" అన్నాడు.

ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చున్నాను. ప్రాంతం గడి మీద వేలు పెట్టుకుని, ఒక్కొక్కటే చూస్తూ అనంతపురం, కడప, కర్నూలు వైపు ఏడు కాలేజీలు తీశాను. రాసిన ప్రతిదాన్నీ రెండుసార్లు, మూడుసార్లు చూశాను. నా కళ్ల మీదే నాకు నమ్మకం పోయింది. ఓబులేసు మాత్రం గేటు వైపు తిరిగి నిలబడే ఉన్నాడు. అరచేతులు పదే పదే పంచెకు తుడుచుకుంటున్నాడు.

ఐదున్నరకు సైరన్ మోగింది. ఆడవాళ్లు గుంపులు గుంపులుగా వచ్చి బస్సులెక్కారు. మల్లేశ్వరి రాలేదు. సూపర్‌వైజర్లు ఆ రోజు పని అప్పజెప్పి రావాలట. ఐదూ నలభై ఒకటికి వచ్చింది. నాయనను చూసి మొహం పాలిపోయింది.

"ఇంట్లో ఎవరికేమయింది?"

"ఎవరికీ ఏం కాలేదు. ఫోన్ తీసుకో" అన్నాను. తర్వాత చెప్పేశాను. "నేను ఇచ్చిన జాబితా తప్పు. నువ్వు ఆడ నాన్‌లోకల్. ఆ గడి నేను చూడలేదు. తప్పు నాది."

పర్లేదు అనలేదు ఆమె.

"విజయవాడవి తీసేయాలా?"

"పైన ఉన్నందువల్ల నష్టం లేదు. రాకపోతే కిందికి దిగుతాది."

"అయితే ఉండనీండి. కింద ఇవి ఎక్కించండి."

మొదటి ఓటీపీ రానే లేదు. రెండోది వచ్చింది. ఏడు కాలేజీలూ ఎక్కించి సేవ్ నొక్కేసరికి ఐదూ యాభై నాలుగు. చక్రం తిరుగుతూనే ఉంది. ముగ్గురం దానికేసే చూస్తున్నాం. సేవ్ అయిందని తెర మీద వచ్చాక కూడా ఆమె నమ్మలేదు. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయి, పదహారూ పైకి చదివించుకుంది.

సీట్లు ప్రకటించిన రోజు నేను ఆమెకంటే ముందు లేచి కూర్చున్నాను. పైనున్న తొమ్మిదింటిలో ఒక్కటీ రాలేదు. కింద ఎక్కించిన ఏడింటిలో ఆరోది వచ్చింది. అనంతపురం పొలిమేరలోని మామూలు కాలేజీ, వాళ్ల ఊరి నుంచి బస్సులో పోయి రావచ్చు.

పెద్ద ర్యాంకు వాళ్లు నాలుగు తప్పులు చేసినా ఎక్కడో ఒకచోట తేలతారు. మామూలు ర్యాంకు వాళ్లకు ఒక్క తప్పుకు కూడా చోటుండదు, ఆ తప్పు వాళ్లది కాకపోయినా సరే. ఇప్పుడు ఎవరి జాబితా అయినా పంపే ముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ప్రతి కాలేజీ ఎందుకు పెట్టానో చెబుతున్నాను, వాళ్ల చేత ప్రశ్నలు అడిగిస్తున్నాను. చదువు రానివాళ్లను మరీ గుచ్చి అడుగుతాను.

చేరే ముందు మల్లేశ్వరి ఒకసారి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒకటడుగుతా మేడమ్. ఆ పొద్దు నాయన మందు కోసం టౌనుకు రాకుండా ఉంటే?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "నీకు సీటు వచ్చేది కాదు" అన్నాను.

తలూపింది. "నాకూ అదే అనిపిస్తాండాది. సీటొచ్చినా ఇంకా నిద్ర పట్టడం లేదు మేడమ్" అంది.