తాళంచెవుల గుత్తి

మా ఆయన్ను నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నలుగురిలో ఏవండీ అని కేకెయ్యడం కూడా నాకు నచ్చేది కాదు. బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి ఒక్కసారి ఆడిస్తే, వీధరుగు మీద కూర్చున్న మనిషి లేచి లోపలికి వచ్చేవారు. రేపల్లెలో కాపురం పెట్టిన నాటినుంచీ అదే మా పిలుపు.

డెబ్భయ్యేళ్లు దాటాక ఆయన లేవడం మానేశారు. గుత్తి ఎంత ఆడించినా తల తిప్పరు. ఎదురుగా ఉన్న రైసుమిల్లు ఆగితే మాత్రం, కరెంటు పోయినట్టుందే అనేవారు. మిల్లు వినపడే మనిషికి నేను వినపడనా? కావాలనే చేస్తున్నారనుకున్నాను. తెనాలిలో చెవుల డాక్టరుకి చూపించమని పక్కింటావిడ చెబితే, నటనకి మందెందుకు, దండగ అన్నాను. రెండేళ్లు సాధించాను. కంచం ఆయన ముందు పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయేదాన్ని.

మా మరిది బాపట్లలో ఒక కాలేజీలో తెల్ల ఎలుకల్ని సాకే పని చేసేవాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడు మీ అన్న నాటకాలు ఇవీ అని చెప్పుకున్నాను. మర్నాడు అతను మా ఇద్దర్నీ కాలేజీకి తీసుకెళ్లి, బోనుల ముందు నిలబడి, నా గుత్తి అడిగి ఆడించాడు. ఒక బోనులో కుర్ర ఎలుకలు ఉలిక్కిపడ్డాయి. పక్క బోనులో రెండేళ్ల ముసలివి తింటున్నవి తింటూనే ఉన్నాయి. బల్ల మీద అరచేత్తో దభీమని కొడితే మాత్రం అవీ బెదిరాయి.

"ఇవి కూడా నాటకాలాడుతున్నాయా వదినా?" అన్నాడు.

చెవి లోపల నారుమడిలాగా సన్నని వెంట్రుకలుంటాయట. వయసు మీదపడేకొద్దీ అవి చచ్చిపోతాయట. సన్నని చప్పుళ్లు ముందు పోతాయి, మోటువి తర్వాత. మనుషులకీ అంతేనట.

"మళ్లీ మొలవవా?" అని అడిగాను.

"ఎలక్కైనా మనిషికైనా పోయినవి పోయినట్టే. మందు లేదు వదినా."

మా ఆయన అవతల బోను మీదికి వంగి ఎలుకల్ని చూస్తున్నారు. మా మాటల్లో ఒక్కటీ ఆయనకి చేరలేదు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. తప్పు నాదేనండి అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు. గట్టిగా అందామంటే బస్సు నిండా జనం.

ఆయన కిటికీ వైపు నుంచి తిరిగి, "ఏంటి?" అన్నారు.

"ఏం లేదండి" అన్నాను.

ఇంటికెళ్లి చెబుదామనుకున్నాను. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. అరిచి చెప్పే మాట కాదది. మెల్లగా చెబితే ఆయనకి వినపడదు. మూడో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలతో రాసిద్దామంటే ఆయనకి అసలు చదువే రాదు. ఆయన పోయిన రోజుక్కూడా నేనది చెప్పలేదు.