కుడివైపు గీత వెంట

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో కుడివైపు ఆడినవాళ్లలో ఎవరు గొప్ప అని అడిగితే, నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మా అన్నయ్య అంటాను. పక్షపాతం కదా అంటారు. అవును, పక్షపాతమే. పాతికేళ్లకు పైగా అదే కాలేజీ లైబ్రరీలో పనిచేస్తూ, కిటికీ పక్కన కూర్చుని, పుస్తకాల కంటే గ్రౌండునే ఎక్కువ చూసినదాన్ని. నాకు ఆమాత్రం హక్కు లేదా?

అన్నయ్య పరుగు తిన్నగా ఉండేది. బంతిని నాలుగడుగుల ముందుకు తన్ని, సున్నపు గీత పట్టుకుని, మూలనున్న జెండా దాకా దూసుకెళ్లి, అక్కణ్ణుంచి కుడికాలితో గోలు ముందుకు ఎత్తి కొట్టేవాడు. అంతే ఆట. ఏం చేస్తాడో ఎదుటివాడికి ముందే తెలుసు, అయినా అందుకోలేకపోయేవాడు. ఇంటికి వచ్చేసరికి బూట్లనిండా, మేజోళ్లనిండా సున్నం. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, బడి వదలగానే గ్రౌండుకు పరిగెత్తి ప్రతి ఆటా చూసేదాన్ని. తిట్టుకుంటూ వాటిని ఉతికేది నేనే.

తర్వాత కొన్నేళ్లకు ఊళ్లోనే సీతారాండేరా బస్తీ నుంచి ఒకడొచ్చాడు. వాడిది పరుగు కాదు, వేళాకోళం. బంతి మీద కాలు పెట్టి, ఎదుటివాణ్ణి రా రమ్మన్నట్టు నిలబడేవాడు. ఎదుటివాడు మీదకు రాగానే పక్కనుంచి జారుకునేవాడు. జనం వెర్రెత్తిపోయేవారు. నేను మాత్రం కిటికీలోంచి మూతి తిప్పుకునేదాన్ని. ఇప్పటి పిల్లలది ఇంకో రకం. గీత దగ్గర మొదలుపెట్టి, లోపలికి తిరిగి, ఇద్దరు ముగ్గురితో బంతి ఇచ్చిపుచ్చుకుంటూ గోలు వైపు వెళతారు. నాకది ఆఫీసులో ఫైలు బల్ల మీంచి బల్ల మీదకు పోయినట్టుంటుంది. మా మేనల్లుడు, అంటే అన్నయ్య కొడుకు, ఈ మూడో రకం.

అన్నయ్య కాలేజీ చివరి ఏడాది మధ్యలో, నాన్న ఇంక స్టీలు ప్లాంట్ పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చేశారు. అలాంటప్పుడు ఆ ఉద్యోగం పెద్దకొడుక్కి రావడం ఈ ఊళ్లో రివాజు. అన్నయ్య షిఫ్టుల్లో చేరిపోయాడు. మళ్లీ బంతి ముట్టలేదు, గ్రౌండు ఛాయలకు రాలేదు. కొడుకు ఆట నేర్చుకున్నది కూడా తండ్రి దగ్గర కాదు, భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున ఆడే పిల్లల దగ్గర. కళ్లున్నన్నాళ్లూ అన్నయ్య ఒక్కసారి వెళ్లి చూడలేదు. చూస్తే తన ఆట గుర్తొస్తుందనేవాడు. షుగర్ వల్ల చూపు పూర్తిగా పోయాక, కొడుకు కాలేజీ జట్టులోకి వచ్చాడని తెలిసినప్పుడు, "సెల్లీ, నన్నోసారి గ్రౌండుకట్టుకెళ్లు" అన్నాడు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. మడతకుర్చీ ఒకటి కుడివైపు గీతకు దగ్గరగా వేసి అన్నయ్యను కూర్చోబెట్టేదాన్ని. నేను పక్కన గడ్డిలో కూర్చుని, ఆట ఎలా నడుస్తోందో చెవిలో చెప్పేదాన్ని. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి కదా, అప్పుడు కుర్చీ నేను ఎత్తుకుని, అన్నయ్య నా భుజం పట్టుకుని, ఇద్దరం గ్రౌండు చుట్టూ తిరిగి అవతలి గీత దగ్గరకు వెళ్లేవాళ్లం. కుర్రాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

మొదటి ఆటలో మేనల్లుడికి బంతి అందిందని చెప్పగానే అన్నయ్య ముందుకు వంగాడు. "ఏటి, నాలాగే గీతట్టుకుని ఎల్తన్నాడా?"

వాడు అప్పటికే లోపలికి తిరిగిపోయాడు. నేను అన్నయ్య ముఖం చూశాను. ఎన్నేళ్లయిందో ఆ ముఖంలో అంత ఆత్రం చూసి.

"గీతొదల్నేదు అన్నియ్యా, అచ్చం నీలాగే" అన్నాను.

ఆ ముఖం వెలిగింది. ఇక నాకు అడ్డేముంది? అన్నయ్య ఆట నాకు కంఠతా వచ్చు. ప్రతి ఆదివారం దాన్నే అప్పజెప్పాను. ఒకసారి, "అడుగులు దూరంగా ఇనిపిత్తన్నాయేటి?" అని అడిగాడు. అవి వేరే పిల్లాడివన్నాను. అబద్ధమాడుతున్నానన్న బాధ కూడా లేదు నాకు. నిజం చెప్పాలంటే, ఆ గంటన్నర నాకు పాత రోజులు తిరిగొచ్చేవి.

కొన్నాళ్లకు ఇంట్లో అన్నం తింటుండగా అన్నయ్య కొడుకుతో, "గీతట్టుకుని బాగా ఎల్తన్నావట్రా, అదే అసలైన ఆట" అన్నాడు. వాడు ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. చేయి కడుక్కునే దగ్గర, "అత్తా, పాపా కో క్యా బోలా ఆప్‌నే?" అని మెల్లగా అడిగాడు. నాన్నకు ఏం చెప్పావని. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు హిందీయే ముందొస్తుంది.

"ఏదో సెప్పేన్లేరా. ఆయన సంతోషంగా ఉన్నాడు, ఉండనియ్యి" అన్నాను. వాడు చేయి తుడుచుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం వాడు గీత పట్టుకుని పరిగెత్తాడు. మూల జెండా దాకా వెళ్లాడు. నాకు ఒళ్లు పులకరించింది. తండ్రి రక్తం ఎక్కడికి పోతుందని మురిసిపోయాను. నా అబద్ధాన్ని వాడు మోస్తున్నాడని నాకు తట్టలేదు. వాడు ఎత్తిన బంతి గోలు వెనక్కి పోయింది. ఆ తర్వాతదీ అంతే. నెలల తరబడి అలాగే. కోచ్ గొంతు చించుకుని "అందర్ ఆ! అందర్!" అని లోపలికి పిలిచేవాడు. వాడు వినేవాడు కాదు. ఆ అరుపులు ఎవరినని అన్నయ్య అడిగితే, అవతలి జట్టునని చెప్పాను.

ఈ ఏడాది మేనల్లుడికి కాలేజీలో ఆఖరిది. చివరి ఆట రోజున పదకొండు మందిలో వాడు లేడు. బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈసారి కుడివైపు గీత దగ్గరకు వెళ్లలేదు. కుర్చీ బెంచీ పక్కనే వేశాను. ఈల మోగింది. అన్నయ్య ఎప్పటిలాగే ముందుకు వంగాడు.

"ఏటి సెల్లీ, ఎల్తన్నాడా?"

ఇక దాచలేకపోయాను. "నేదు అన్నియ్యా. ఆణ్ణి తీసేసేరు" అన్నాను. మొదటి ఆదివారం నుంచి నేను చెప్పిందేమిటో, వాడు చేసిందేమిటో అంతా చెప్పేశాను. నీ సంతోషం కోసమే అన్నాను. సిగ్గుతో ఏడ్చాను.

అన్నయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా ఆట నాకు తెల్దా?" అన్నాడు చివరకు. "దాన్ని సూడ్డానికి ఇక్కడదాకా రావాలా నేను? ఆడి ఆట ఎలాగుంటాదో సూద్దారని వచ్చేను. ఇన్నాళ్లూ సూపించనేదు నువ్వు."

అన్నయ్య నా చేయి వెతికి పట్టుకున్నాడు. "పోనీ, ఇప్పుడు సెప్పు. ఆడు ఏ కాలితో కొడతాడు?"

మూడు కాలాల ఆటగాళ్లను బేరీజు వేసే నాకు ఆ సంగతి తెలియదు. రెండేళ్లు గీత పక్కనే కూర్చుని, నేను వాడి కాళ్ల వైపు ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. అన్నయ్య కాళ్లనే చూశాను.

"లెఫ్ట్, పాపా." బెంచీ మీంచి మేనల్లుడు అన్నాడు. "శురూ సే లెఫ్ట్." మొదట్నుంచీ ఎడమకాలేనట.

అన్నయ్య నా చేయి వదిలి నా వైపు తిరిగాడు.

"ఎడంకాలోడు ఆ కుడిగీత మీంచి బంతెలాగెత్తుతాడే, సెల్లీ?" అన్నాడు.