నెత్తళ్ళు ఎండే రోడ్డు

కొత్త రోడ్డు పడగానే దాని మీద పరిశ్రమలు పరిగెత్తుకొస్తాయని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. జిల్లా అభివృద్ధి మీద వ్యాసం రాద్దామని పొద్దుటి నుంచి గతుకుల్లో నలిగి నలిగి కళింగపట్నం చేరాను. తీరా చూస్తే, తీరానికి వెళ్ళే కొత్త సిమెంటు రోడ్డు నిండా నెత్తళ్ళు ఎండబోసి ఉన్నాయి. విసుగ్గా హారన్ కొట్టాను.

"ఏటి బాబూ ఆ గోల?" అంది చేపలు తిరగేస్తున్న పెద్దావిడ.

"రోడ్డు వేసింది బళ్ళ కోసం కదమ్మా!"

"ఇసకలో ఎండబెడితే షావుకారు ముట్టుకోడు. ఈ రోడ్డొచ్చినాకే మా సేపకి ఇలువొచ్చినాది. సాయంత్రం వానొస్తాదంట, ఈలోగా ఎండకపోతే మొత్తం కుళ్ళిపోతాది. కాళీగా నిలబడ్డావు గదా, కాకుల్ని తోలు!"

ఒక కర్ర నా చేతిలో పెట్టి, తన పనిలో పడిపోయింది. వాదించే ఓపిక లేక, కారు దిగి, నెత్తి మాడ్చుకుంటూ నెత్తళ్ళకు కాపలా కాశాను.

కాసేపటికి వెనక మరో కారు ఆగింది. అందులోంచి ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి దిగి, దారికి అడ్డమేమిటని నా మీద కేకలేశాడు. ఆవిడ మీద తీర్చుకోలేని కసి ఆయన మీద తీర్చుకున్నాను.

"ఖాళీగానే ఉన్నారు కదా," అని కర్ర ఆయన చేతికిచ్చి, వెళ్ళి నీడన కూర్చున్నాను.