పూజ చేసిన మరునాడు

ఆయుధ పూజకు సెలవు గనక మా బడిలో ముందురోజే పూజ చేసేస్తాం. ఆ రోజు హెడ్మాస్టరు గారు ఇనుప బీరువా తెరిచి, పాత పంచెలో చుట్టిన నాలుగు ల్యాప్‌టాప్‌లను బయటికి తీశారు. మూతల మీద గంధం పూసి కుంకుమ బొట్లు పెట్టారు. హారతి ఇచ్చారు. పిల్లలు కళ్లకద్దుకున్నారు. బొరుగులు, బెల్లం పంచాక వాటిని మళ్లీ పంచెలో చుట్టి లోపల పెట్టి తాళం వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై వైపు తెలుగు పిల్లలు చదివే చిన్న బడి. టీచర్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఏడాది కిందట ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లవి. "కెట్టుపోతే, పాడైపోతే ఎవురమ్మా జవాబు చెప్పేది? సంతకం పెట్టింది నేను" అని ఆయనది ఒకటే పాట. మనిషి చెడ్డవాడు కాదు, పిరికివాడు. నష్టపోయేది మాత్రం పిల్లలు. ఐదో తరగతి అయ్యాక వాళ్లు తిరుత్తణిలో పెద్ద బడికి పోవాలి. అక్కడి పిల్లల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తిరువళ్లూరు కాలేజీలో చేరిన కొత్తలో కంప్యూటర్ గదిలో నేను అలాగే నిలబడ్డాను. ఏది నొక్కితే ఏది పాడవుతుందోనని వణికేదాన్ని. పక్కమ్మాయి చేస్తుంటే చూస్తూ ఏడాదంతా గడిపాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. నా పిల్లలకు దాన్ని రానిచ్చేది లేదు.

సెలవులయ్యాక బడి తెరిచిన పొద్దున్నే ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"సార్, బీరో తాళం ఇయ్యండి."

"మళ్లీ మొదలుపెట్టినావా తల్లీ?"

"మాది నేసేవాళ్ల ఇల్లు సార్. పూజ మర్నాడు మా నాయన నీళ్లు పోసుకోని వచ్చి, జానెడు నేసినాకనే కాపీ తాగేది. పూజలో పెట్టిందాన్ని పనిలో పెట్టకపోతే ఆ పూజ దేనికి? ఇయ్యకపోతే చెప్పండి, వచ్చే ఏడు గంధం బీరోకే పూస్తాం."

ఆయనకు పై ఆఫీసంటే భయం, దేవుడంటే ఇంకా భయం. తాళంచెవి బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా హాజరు పట్టీ తిప్పుకున్నారు.

బయటికి తీసి చార్జింగ్ పెడితే మూడు వెలిగాయి. పిల్లల కేకలకు వీధిలో పోయేవాళ్లు కిటికీ దగ్గర ఆగారు. నాలుగోది ఐదో తరగతి పాప ముందు పెట్టాను. వాళ్లమ్మ మరమగ్గాల షెడ్డులో పనికి పోతుంది. పాప చేతులు పావడాకు తుడుచుకుని బటన్ నొక్కింది. వెలగలేదు. మళ్లీ నొక్కింది. ప్లగ్గు మార్చి చూశాను, చాలాసేపు చార్జింగ్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు. "ఎవురు నొక్కినారు? చెప్పినా గదా! యాడ తెచ్చేది ఇంగొకటి? అన్నీ ఎత్తి బీరోలో పెట్టమ్మా!"

"నేను ఊరికే నొక్కినా టీచర్" అంది పాప ఏడుపు గొంతుతో.

నేనిక ఆగలేకపోయాను. ఏడాది పాటు కరెంటు మొహం చూడక చచ్చిపోయిన బ్యాటరీకి, అప్పుడే వేలు పెట్టిన పిల్ల దోషి అయింది.

"ఈ పాప ఏం చెయ్యలే సార్. లోపల పెట్టినాక ఒక్కసారైనా చార్జింగ్ పెట్టినారా? ఎవురూ ముట్టుకోకనే చచ్చింది ఇది. మిగిలిన మూడు గూడా అట్లనే చావాల్నా?"

నేను పాపను వెలుగుతున్న దాని దగ్గరకు పిలిచాను. రాలేదు.

"వేణాం టీచర్, వద్దు, ఇది గూడా పోతుంది" అంటూ గోడకు అతుక్కుపోయింది.

ఒక్క కేకతో ఆ పిల్లకు ఇంత భయం పట్టుకుంది.

"పోతే పోనీ. అడిగేవాళ్లు నన్నే అడుగుతారులే. నువ్వు రా" అన్నాను, ఆయనకూ వినబడేలా.

వచ్చింది. ముందు ఆయన వైపు చూసింది, తర్వాత ఒక వేలితో నొక్కింది. తెర మీద అక్షరం పడింది. రెండోది నొక్కేటప్పుడు ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. ఈసారి పాప తల ఎత్తి ఆయన వైపు చూడలేదు.