పడమటి జల

పోలిరాజు తన జీవితంలో నలభై ఒక్క నూతులు తవ్వాడు. వాటిలో ఇరవై ఆరు ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ప్రహరీ గోడ లోపల ఎక్కడో ఉన్నాయి. పూడ్చేశారో, పైన షెడ్లు కట్టారో అతనికి తెలియదు. గాజువాక వైపు బస్సులో వెళ్లేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే ఆ గోడనే చూస్తూ కూర్చునేవాడు. పక్కన ఎవరున్నా సరే, "ఆ పొగగొట్టం కనబడతన్నాదా? దాని కిందే కరణం గారి నుయ్యి. కొబ్బరినీళ్లలాగుండేవి" అని చెప్పేవాడు. వాళ్లు ఫోన్ చూసుకుంటూనే తలాడించేవాళ్లు.

మిగిలిన పదిహేనింటిలో పద్నాలుగు, బోర్లు వచ్చాక చెత్తతో నిండిపోయాయి. బతికున్నది ఒకటే, నిర్వాసితుల కాలనీ నడుమ ఉన్న నుయ్యి. ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేయించి జనానికి కొండవార స్థలాలిచ్చినప్పుడు, అక్కడ ఇళ్లకంటే ముందు తయారైంది అదే. అప్పటికి పోలిరాజుకి ముప్పై ఏళ్లు. కింద అతను పలుగు వేస్తుంటే పైనుంచి భార్య నూకాలు మట్టి తట్టలు లాగేది. నూకాలు పోయి ఆరేళ్లయింది. అతనికి డెబ్బై రెండు వచ్చాయి. పొద్దున్న లేచి, ముఖమైనా కడుక్కోకుండా, ఒకసారి నూతిలోకి తొంగి చూసి వస్తే గానీ అతనికి రోజు మొదలయ్యేది కాదు.

ఆ ఏడు మార్చిలో తొంగి చూస్తే అడుగున నల్లటి బురద కనబడింది. నలభై ఏళ్లలో ఆ నుయ్యి ఎండిపోవడం అదే మొదటిసారి.

విడ్డూరమేమంటే, అంతకు నాలుగు నెలల ముందు అదే కాలనీ మునిగింది. తుపాను వానకు కొండమీది గెడ్డ పొంగి వీధుల్లో మోకాలి లోతున పారింది. బియ్యం బస్తాలు, పుస్తకాల సంచులు, ముసలివాళ్లు అందరూ మంచాలెక్కి కూర్చున్నారు. ఆ నీళ్లు రెండు రోజుల్లో కింది పల్లె మీదుగా సముద్రంలో కలిసిపోయాయి. ఇప్పుడేమో ట్యాంకరు వెనక బిందెల వరస.

కమ్యూనిటీ హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. కాలనీకి ఎగువనున్న అపార్టుమెంట్ల సంఘం ప్రెసిడెంటు అర్జునరావు వచ్చాడు. రిటైరైన ఇంజనీరు. దిగువనున్న పల్లె నుంచి కన్నబాబు వచ్చాడు. సముద్రంలో చేపల వేటకి వెళ్లే మనిషి. పల్లెలో బోరు నీళ్లు ఉప్పుబారి ఐదేళ్లయింది.

"మీ కాడ నీళ్లు లేవు. మా కాడ ఉన్నాయి గానీ, వాటితో సేపలు ఊరబెట్టుకోడానికే పనికొత్తాయి" అన్నాడు కన్నబాబు.

అర్జునరావు ఆలోచన వేరు. "ఎండిన నుయ్యి దోమలకి తప్ప ఎవరికి ఉపయోగం? పైన స్లాబ్ వేసేస్తే ఆరు కార్లు పడతాయి. ట్యాంకరు కూడా తిరగడానికి వీలుంటుంది."

పోలిరాజు పక్కింటి కోడలు జ్యోతిర్మయి లేచి నిలబడింది. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మూడేళ్ల కూతురికి పట్టే నీళ్లు రెండుసార్లు కాచి, వడగట్టి, ఆ తరవాత కూడా గ్లాసును వెలుతురుకి పట్టి చూసే మనిషి.

"నవంబర్లో మనల్ని ముంచిన నీళ్లకోసమే ఇప్పుడు ట్యాంకరు వెనక నిలబడుతున్నాం. వాటిని పోనివ్వకుండా భూమిలోకి దింపుకుంటే రెండు బాధలూ తగ్గుతాయి. అయితే ఒక్క కాలనీ వల్ల అయ్యే పని కాదు. పైవాళ్లు, కిందవాళ్లు కలవాలి."

"అయితే గెడ్డని నూతిలోకి తిప్పేద్దాం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

అప్పుడు లేచాడు పోలిరాజు. "నూతిలోంచి తోడతారు గానీ, నూతిలో పోత్తారేటి? గెడ్డలో ఏటేటి వత్తాదో సూసినారా? పేడ, ప్లాస్టికూ, సచ్చిన కుక్కలూ. దానికన్నా రావుగారన్నట్టు పలకేసీండి. సుఖంగా సత్తాది."

"నేనన్నదీ అదే, తాతా. నూతిలో పోయకూడదు. కాస్త దూరంగా గొయ్యి తవ్వి, బండలూ కంకరా ఇసుకా నింపి, అందులోంచి దింపాలి. మొదటి వాన నీళ్లు మురికివి, వాటిని సముద్రంలోకి పోనివ్వాలి. తరవాతివి పట్టుకోవాలి. నేలే వడగట్టి నూతికి ఇస్తుంది. గొయ్యి ఎక్కడ తవ్వాలన్నదే ప్రశ్న. కొండ ఉత్తరాన ఉంది కాబట్టి ఉత్తరం వైపు అయితే..."

"ఉత్తరం కాదమ్మీ, పడమర" అన్నాడు పోలిరాజు.

నూతి గోడలో ఊట వచ్చే పగులును తవ్వేవాళ్లు జల అంటారు. ఏ నూతికి జల ఎటునుంచి వచ్చిందో తవ్వినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "పైనుండే వాలు వేరు, లోన రాయి వాలు వేరు. ఐదు నిలువుల లోతు కాడ పడమట జల పగిలింది. నా ఎడం బుజం మీద కొట్టినాది నీరు. నాకు తెల్దేటి?"

జ్యోతిర్మయి ఏదో అనబోయి ఆగింది. చెబుతున్నప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది. నీళ్లు దూకిన చప్పుడుకి పోలిరాజు కేకేశాడట. పైనున్న నూకాలు మొగుడు మునిగిపోయాడనుకుని, తట్ట వదిలేసి, గోలపెడుతూ ఊరంతా పరుగెత్తిందట. మోకులు పట్టుకుని జనం వచ్చేసరికి అతను ఛాతీలోతు నీళ్లలో నిలబడి నవ్వుతున్నాడట. "ఆ తరవాత ఎక్కడ నుయ్యి తవ్వినా, 'ఏటే నూకాలూ, ఇయ్యాల కూడా పరిగెడతావేటి' అనీవోళ్లు." హాలంతా నవ్వింది. ఆ నవ్వుతోనే తీర్మానమైపోయింది: గొయ్యి పడమట.

"ఈ వానాకాలం చూద్దాం. నుయ్యి ఊరకపోతే మాత్రం దసరా తరవాత స్లాబ్" అన్నాడు అర్జునరావు.

మే నెలంతా తవ్వారు. కాలనీవాళ్లు పలుగులు పట్టారు. అపార్టుమెంట్లవాళ్లు బండలు, కంకర తోలించారు. గెడ్డ నుంచి గోతికి కాలువ తీసి, గెడ్డ దగ్గర దానికి చెక్క తలుపు పెట్టారు. పల్లెవాళ్లు చిరిగిన వలలు తెచ్చి, నాలుగు మడతలు వేసి కాలువకు అడ్డంగా బిగించారు. "సేపలు పోతాయి గానీ సెప్పులు పోవు" అన్నాడు కన్నబాబు. పోలిరాజు గోతి గట్టు మీద కూర్చుని, ఏ పొర దగ్గర ఆపాలో చెబుతూ, రోజుకొకసారైనా నూకాలు పరుగు కథ చెప్పాడు.

జూలైలో వానలు పడ్డాయి. మొదటి వానను వదిలి, రెండోదానికి తలుపెత్తారు. గొయ్యి గుటకలేసినట్టు తాగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నుయ్యి ఊరలేదు.

జ్యోతిర్మయి ప్రతి ఉదయం తాడుకి రాయి కట్టి దింపి, తడిసిన మేర చూసి నోటుపుస్తకంలో రాసేది. ఆమె ఏమీ అనేది కాదు. అనకపోవడమే పోలిరాజుకి కష్టంగా ఉండేది. ఆగస్టు చివరికి నాలుగు వానలు గొయ్యి తాగేసింది. నూతిలో బురద బురదగానే ఉంది. ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు అతన్ని చూసి మాట మార్చేవాళ్లు. ఒకరోజు ఇద్దరు కుర్రాళ్లు టేపుతో నూతి గట్టు కొలుస్తుంటే, ఎందుకని అడగలేదతను. స్లాబు కొలత అని తెలుసు.

ఇంటికి వెళ్లి అటకమీది మోకు దించాడు. మోకు చీకిపోయి, చేతిలోనే పొడి రాలింది. నేరుగా పల్లెకి నడిచాడు.

"అల్లుడా, ఒక మోకు కావాల. నూతిలో దిగాల."

కన్నబాబు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఈ వయసులో నూతిలో దిగీ సరదా ఏటి మామా? అత్త పిలిసినాదేటి?"

"జల సూడాల."

కన్నబాబు మర్నాడు పొద్దున్న ఆరుగురు వేటగాళ్లతో, పడవ మోకుతో వచ్చాడు. విషయం తెలిసి జ్యోతిర్మయి కూతుర్ని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. ముందు లాంతరు దించనిదే మనిషిని దించడానికి వీల్లేదని గట్టుకి అడ్డంగా నిలబడింది.

"నన్ను కన్న బాబు కూడా అలాగే సేసీవోడమ్మీ. లాంతరు ఆరిపోతే లోన గాలి సెడ్డదని" అన్నాడు పోలిరాజు, మెచ్చుకోలుగా. లాంతరు అడుగుదాకా వెళ్లి, పావుగంట అలాగే వెలిగింది. నడుముకి మోకు కట్టించుకుని అతను దిగాడు.

ఐదో నిలువు దగ్గర ఆగి లాంతరు పడమటి గోడకి పట్టాడు. నల్లరాయి. దానిమీద తన పలుగు గాట్లు వరసగా ఉన్నాయి. ఎక్కడా పగులు లేదు. చేత్తో తడిమాడు. ఎండిపోయిన రాయి. మెల్లగా తిరిగాడు. ఉత్తరం గోడలో తన మోకాళ్ల మట్టాన, అరచెయ్యి పట్టేంత నెర్రె, ఒండ్రుతో సగం పూడుకుపోయి ఉంది. వేలు పెడితే లోపల చల్లగా తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది.

నీళ్లు భుజమ్మీద దూకింది ఈ నూతిలో కాదు. అది పాత ఊళ్లో, పెళ్లైన ఏడాది తవ్విన నుయ్యి. నూకాలు పరుగెత్తింది ఆ వీధుల్లో. ఈ నూతిలో నీళ్లు దూకలేదు. ఉత్తరం గోడకి చెమట పట్టినట్టు తడి కమ్మి, సాయంత్రానికి పాదాలు మునిగాయి. "వచ్చినాదేటి?" అంది పైనుంచి నూకాలు. "ఆ, వచ్చినాది" అన్నాడు తను. అంతే. అంతకు వారం కిందటే పాత ఊళ్లో వాళ్ల ఇల్లు కూలగొట్టారు. నూకాలు మూడు రోజులుగా అన్నం తినలేదు. సంతోషంగా తవ్విన నుయ్యి యాభై ఏళ్లుగా అతని లోపల ఊరుతూనే ఉంది. దిగులుగా తవ్వినదాన్ని రోజూ తొంగి చూస్తూ కూడా మరిచిపోయాడు.

"మామా! పడుకున్నావేటి? మా సేతులు లాగేత్తన్నాయి!" పైనుంచి కన్నబాబు కేక.

బయటికి వచ్చి గట్టుమీద కూర్చునేసరికి కాలనీ అంతా చేరింది. అర్జునరావు కూడా వచ్చాడు. పోలిరాజు ముఖం తుడుచుకుని, దాచుకోకుండా చెప్పాడు. "తప్పు నాదే. నాను సెప్పింది పాత ఊరు నుయ్యి. దీని జల ఉత్తరాన ఉన్నాది. ఈ అమ్మి ముందే సెప్పినాది, నాను ఇన్లేదు. మీ అందరి సేతా ఊరికే గొయ్యి తవ్వించినాను."

జ్యోతిర్మయి అతని పక్కన కూర్చుంది. "నేను లెక్క ప్రకారం అనుకున్నాను, తాతా. చూసింది నువ్వు. ఎంత దూరంలో తవ్వాలంటావు?"

"ముప్పై అడుగులు." పోలిరాజు అటు చెయ్యి చూపించాడు. అందరూ అటు చూశారు. ముప్పై అడుగుల దగ్గర అపార్టుమెంట్ల పార్కింగు, అందులో మొదట అర్జునరావు తెల్ల కారు.

"రావుగారూ, మీరు నూతి మీద కారు పెడతామన్నారు, ఇప్పుడు మీ కారు కిందే గొయ్యి వచ్చినాది" అన్నాడు కన్నబాబు.

అర్జునరావు కాసేపు గట్టుమీద చెయ్యి ఆనించి లోపలికి చూశాడు. "దసరాకి ఇంకా ఐదు వారాలుంది కదా" అన్నాడు. జేబులోంచి తాళం తీసి, కారు వెనక్కి తీయడానికి నడిచాడు.

రెండో గొయ్యి పదిహేను రోజుల్లో అయింది. ఈసారి పోలిరాజు కథలు చెప్పలేదు. ప్రతి పొరా పిడికిట్లోకి తీసుకుని, నలిపి, వాసన చూసి, అప్పుడు తవ్వమన్నాడు. నూతిలోకి మళ్లీ రెండుసార్లు దిగి జల నోట్లో ఒండ్రు గీకాడు. దసరా ముందు వాయుగుండం పట్టింది. మొదటి రోజు గెడ్డను సముద్రానికి వదిలేశారు. రెండో రోజు తలుపెత్తారు. వలల దగ్గర పల్లెవాళ్లు, కాలువ దగ్గర కాలనీవాళ్లు, గోతి దగ్గర అపార్టుమెంట్లవాళ్లు గొడుగుల కింద నిలబడి చెత్త లాగారు. వీధుల్లోకి నీళ్లు వచ్చాయి గానీ మడమలు దాటలేదు.

నాలుగో నాటికి వాన వెలిసింది. జ్యోతిర్మయి తాడు దింపి పైకి లాగింది. తడిసిన మేర తన ఎత్తుకు పట్టి చూసుకుంది. తల దాటి ఇంకో జానెడు ఉంది. నమ్మకం చాలక రెండోసారి దింపింది. అంతే వచ్చింది. పోలిరాజు బాల్చీ వేసి తోడి, దోసిట్లోకి తీసుకున్నాడు.

"తాగకు తాతా, ఇంకా టెస్ట్ చెయ్యలేదు" అందామె, గాభరాగా.

"తాగన్లే" అని ఆ నీళ్లు ముఖమ్మీద చల్లుకున్నాడు. చాలాసేపు కళ్లు తెరవలేదు.

వారం తరవాత కన్నబాబు నలుగురిని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "మామా, మా పల్లెకి కూడా ఒక గొయ్యి కావాల. రాముడి కోవెల ఎనకాతల పాత నుయ్యి ఉన్నాది, సెత్తంతా తీసీసినాం. అదీ నువ్వు తవ్విందేనంట గదా. జల ఎటున్నాదో సెప్పీ, రేపే మొదలెట్టీసుకుంటాం."

పోలిరాజుకి ఆ నుయ్యి బాగానే గుర్తుంది. తవ్విన నెల, తిన్న చేపల పులుసు, నూకాలు కట్టుకున్న చీర కూడా గుర్తున్నాయి. జల తూర్పునని నాలిక చివరిదాకా వచ్చింది.

"సెప్పన్రా" అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "లాంతరు అట్టుకొని పద. ముందు దిగి సూడాల."